మళ్లీ వచ్చి అడిగే మనిషి

గుణుపురం నుంచి విశాఖపట్నం వెళ్లే రైల్లో రోగుల్ని పోల్చుకోవడం కష్టం కాదు. ఒళ్లో మందుల షాపు పేరున్న సంచీ, అందులో పాత చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు, పక్కన తోడొచ్చిన తమ్ముడో కొడుకో. ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం, ఆ చుట్టుపక్కల పద్మపూర్, గుడారి ప్రాంతాల వాళ్లకు పెద్దాసుపత్రి అంటే బరంపురం, కాకపోతే విశాఖ. మోకాళ్ల నొప్పులని, షుగరని, గుండె దడని టికెట్టు కొంటారు. మనసు బాగోలేదని కొనేవాళ్లు అరుదు.

అలాగని ఆ పెట్టెలో మనసు బాగోలేని వాళ్లు ఉండరని కాదు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఒళ్లంతా లాగేస్తుంది, ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. ఇవన్నీ డాక్టరు ముందుకు ఒంటి జబ్బుగానే వస్తాయి. ఊళ్లో ఆర్ఎంపీ బలానికని సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు. కొండ మీది పల్లెల్లో అయితే ముందు మంత్రవైద్యం చేసే దిసారి దగ్గరికో గుణియా దగ్గరికో వెళ్లి, కోడినో మేకనో ఇచ్చుకుని, ఆ తర్వాతే ఆసుపత్రి ముఖం చూస్తారు. పట్నంలో రక్తపరీక్షలు చేయించి అన్నీ బాగానే ఉన్నాయంటారు. రోగి మాత్రం బాగుండడు.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. దేశంలో ఇరవై మంది పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలవుతున్నారని తేల్చింది. అలాంటి వాళ్లలో నూటికి 85 మంది దాకా ఏ వైద్యమూ అందనివాళ్లే. సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. అందులో ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. ఇక్కడి పరిస్థితి ఆ పన్నెండింటి కంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి కారణం మాత్రం కనిపించదు.

సైకియాట్రిస్టుల్ని పెంచితే సరిపోదా? దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. లెక్క వేస్తే 0.75 దగ్గర ఆగుతుంది. ఉన్నవాళ్లలో ఎక్కువమంది నగరాల్లో ఉన్నారు. రాయగడ 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి విడివడి జిల్లా అయింది. 2011 జనగణన ప్రకారం 9.67 లక్షల జనాభా, అందులో సగానికి మించి ఆదివాసులు. రేపు పద్మపూర్‌కి ఒక సైకియాట్రిస్టును వేశారనే అనుకుందాం. ఆయనకు ఒడియా వస్తుంది, తెలుగు వస్తే అదృష్టం. సవర, కుయి, కువి భాషల్లో దిగులు చెప్పుకునే మనిషికీ ఆయనకూ మధ్య ఎవరో ఒకరు కూర్చోక తప్పదు.

అసలు విషయమంతా ఆ మధ్యలో కూర్చునే మనిషి దగ్గరే ఉంది.

మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోకి తేవాలన్న ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1970ల మధ్యలోనే చండీగఢ్ వైద్యులు హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలో, నిమ్‌హాన్స్ వైద్యులు బెంగళూరు దగ్గర సకలవాడలో ఆ ప్రయోగం చేశారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బళ్లారి జిల్లాలో చేసి చూసిన నమూనాను ఆధారం చేసుకుని 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. వీటన్నిటిలోనూ భారమంతా పీహెచ్‌సీ డాక్టరు మీదే పడింది. ఆయనకు కొన్నాళ్లు శిక్షణ ఇస్తారు, ఆయన గుర్తిస్తాడు, మందు రాస్తాడు. కానీ ఓపీలో జ్వరాలు, గర్భిణులు, పాము కాట్లు చూసుకునే డాక్టరుకు ఒక మనిషి దిగులు వినడానికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయి? పోనీ వినీ, పోల్చుకునీ, మందు రాశాడనుకుందాం. ఆ మందు మింగారో లేదో కనుక్కునేదెవరు?

డిప్రెషన్ మందుల్లో ఒక చిక్కుంది. ఫ్లూయోక్సెటిన్ గానీ ఎస్సిటాలోప్రామ్ గానీ మొదలుపెట్టిన రోజునే గుణం చూపించవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం ముందే వస్తాయి: వికారం, కడుపులో తిప్పడం, కొందరికి కంగారు. అంటే మొదటి పది రోజుల్లో రోగికి కనిపించేది కీడే. పదకొండో రోజున ఆ చీటీ చూరులోకి పోతుంది. డాక్టరు తప్పు చెయ్యలేదు, మందు తప్పు కాదు, రోగి తెలివితక్కువవాడూ కాదు. ఆ పది రోజుల్లో ఇంటికొచ్చి “ఎలా ఉంది? వికారం తగ్గిపోతుంది, ఇంకో వారం చూడు” అని చెప్పేవాళ్లు లేకపోవడమే లోపం.

ఈ లోపాన్ని పట్టుకున్నవాడు అమెరికాలోని సియాటిల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ సైకియాట్రిస్టు వేన్ కేటన్. 1990ల్లో ఆయనా ఆయన సహచరులూ ఫ్యామిలీ డాక్టరు క్లినిక్కుల్లోనే డిప్రెషన్‌కు బృందవైద్యం అల్లుకొచ్చారు. సైకియాట్రిస్టు యూర్గెన్ ఉన్యుట్జర్ నాయకత్వంలో 18 క్లినిక్కుల్లో, 60 ఏళ్లు దాటిన 1,801 మంది మీద చేసిన పెద్ద పరీక్ష 2002లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే, బృందం చేతిలో ఉన్నవాళ్లలో నూటికి 45 మందికి బాధ సగానికి సగం తగ్గింది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 19. తర్వాత ప్రపంచమంతటా ఇలాంటి పరీక్షలు వరసగా జరిగాయి. 2012లో కోక్రేన్ సంస్థ వాటిలో 79 పరీక్షల ఫలితాలను కలిపి చూసి, ఈ పద్ధతి పనిచేస్తుందనే చెప్పింది.

బృందం అనగానే గదినిండా తెల్లకోట్లు ఊహించుకోనక్కర్లేదు. అందులో ముఖ్యులు ముగ్గురే. మామూలు డాక్టరు ఒకరు. మందు రాసేది ఆయనే. ఏ వారానికో రెండు వారాలకో ఒకసారి కేసులు చూసి సలహా చెప్పే సైకియాట్రిస్టు ఒకరు. ఈయన చాలామంది రోగుల ముఖం కూడా చూడడు. ఈ ఇద్దరికీ రోగికీ మధ్య తిరిగే కేర్ కోఆర్డినేటర్ ఒకరు. ఈ మూడో మనిషి చేతిలో ఒక జాబితా ఉంటుంది. ఎవరికి ఎప్పుడు మొదలుపెట్టాం, స్కోరు ఎంత ఉండేది, ఇప్పుడెంత, ఎవరు రావడం మానేశారు, ఎవరికి ఎనిమిది వారాలైనా మార్పు లేదు. సైకియాట్రిస్టు చూసేది ఆ జాబితాలో కదలిక లేని పేర్లను. అందుకే ఒక్క నిపుణుడి గంట సమయం పదుల మందికి అందుతుంది.

స్కోరు అంటే పీహెచ్‌క్యూ–9 అనే ప్రశ్నల పట్టిక. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, ఆసక్తి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కోదానికీ సున్నా నుంచి మూడు, మొత్తం 27. పదికి చేరితే పట్టించుకోవాలి. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అన్నది తొమ్మిదో ప్రశ్న. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. ఆ భయానికి ఆధారం లేదు. అడగడం వల్ల మనసులో ఉన్నది బయటికొస్తుంది. బీపీ కొలవకుండా బీపీ మందు మార్చనట్టే, ఈ బృందాలు స్కోరు చూడకుండా డిప్రెషన్ మందు మార్చవు.

అమెరికా కథ అమెరికాకే చెల్లుతుందేమో అన్న అనుమానం న్యాయమైనదే. దానికి జవాబుల్లో ఒకటి విశాఖపట్నంలోనే దొరికింది. 2015లో చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, విశాఖల్లోని నాలుగు మధుమేహ క్లినిక్కుల్లో ఒక పరీక్ష మొదలైంది. విశాఖలో దానికి వేదిక డాక్టర్ జి.ఆర్. శ్రీధర్ నడిపే ఎండోక్రైన్ అండ్ డయాబెటిస్ సెంటర్. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం, ఢిల్లీలో ఎయిమ్స్, అమెరికా నుంచి ఎమరీ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాలు కలిసి పనిచేశాయి. డిప్రెషన్ ఉండి, షుగరో బీపీయో కొలెస్ట్రాలో అదుపు తప్పిన 404 మందిని తీసుకున్నారు. డిప్రెషన్, షుగరు ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. దిగులుగా ఉన్న మనిషి నడక మానేస్తాడు, మందు మరిచిపోతాడు, ఏది పడితే అది తింటాడు. షుగర్ పెరిగి, కాళ్లు తిమ్మిరెక్కి, కళ్లు మసకబారితే దిగులు ఇంకా పెరుగుతుంది.

సగం మందికి మామూలు వైద్యమే సాగింది. మిగతా సగం మందిని డాక్టర్లు కాని కేర్ కోఆర్డినేటర్లు ఏడాదిపాటు అంటిపెట్టుకుని ఉన్నారు. మాట్లాడడం, మందులు సరిగా వేసుకుంటున్నారో చూడడం, చిన్న చిన్న లక్ష్యాలు పెట్టుకోమనడం, వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించడం వాళ్ల పని. సైకియాట్రిస్టూ మధుమేహ నిపుణుడూ ఆ వివరాలు ముందేసుకుని ఏ మందు పెంచాలో ఏది మార్చాలో డాక్టరుకు సలహా ఇచ్చేవారు. ఏడాది కాగానే ఆ అదనపు సాయం ఆపేశారు. ఇంకో ఏడాది ఆగి లెక్క చూశారు. డిప్రెషన్ లక్షణాలు కనీసం సగం తగ్గి, దాంతోపాటు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లలో ఏదో ఒకటైనా దిగినవాళ్లు బృందవైద్యంలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం. 2020లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’ ఈ ఫలితాలను అచ్చువేసింది. సాయం ఆపేశాక కూడా ఏడాదిపాటు తేడా నిలిచిందన్నదే ఇందులో గొప్ప సంగతి.

అవి పట్నం క్లినిక్కులు, చాలావరకు డబ్బు పెట్టి వెళ్లేవి. పల్లె సంగతి వేరు.

పల్లె సంగతి మొదట గోవాలో తేలింది. సంగత్ అనే సంస్థ, మనోవైద్యుడు విక్రమ్ పటేల్ బృందంతో కలిసి ‘మానస్’ పేరిట 24 క్లినిక్కుల్లో పరీక్ష చేసింది. ఇక్కడ మధ్య మనిషి నర్సు కూడా కాదు. వైద్యంతో ఏ సంబంధమూ లేని స్థానికులను ఎంచి రెండు నెలల శిక్షణ ఇచ్చారు. 2010లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాల ప్రకారం, ప్రభుత్వ పీహెచ్‌సీల్లో ఆరు నెలలకు కోలుకున్నవాళ్లు 65.9 శాతం, బృందం లేనిచోట 42.5 శాతం. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం తేడా కనిపించలేదు. దీన్ని కొందరు దాటేస్తుంటారు కానీ చెప్పుకోదగిన విషయమే అది. ప్రైవేటు డాక్టరుకు రోగి పేరు తెలుసు, కుటుంబం తెలుసు, ‘మళ్లీ రా’ అంటే వస్తాడు. అంటే బృందం తెచ్చేదాంట్లో కొంత అక్కడ ముందునుంచే ఉంది.

ఇలా శిక్షణ పొందిన కౌన్సెలర్లు చేసేది ఏమిటని అడిగేవాళ్లకు గోవాలోనే జరిగిన మరో పరీక్ష మంచి ఉదాహరణ. దిగులు పట్టిన మనిషి ముందు సంతకు వెళ్లడం మానేస్తాడు, తర్వాత చుట్టాలింటికి, ఆ తర్వాత అరుగు మీదికి కూడా రాడు. పనులు తగ్గేకొద్దీ దిగులు పెరుగుతుంది. ఈ ముడిని పని వైపు నుంచి విప్పాలన్నది పద్ధతి. ఈ వారం రోజూ పొద్దున్న చెరువుదాకా నడవాలి, అక్కకు ఫోన్ చెయ్యాలి, పెరట్లో రెండు పాదులు పెట్టాలి. ఏ పని చేసిన రోజున మనసు ఎలా ఉందో గుర్తుపెట్టుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుంటారు. 2017లో వచ్చిన ఫలితాల్లో, గట్టి డిప్రెషన్ ఉన్న 495 మందిలో ఈ సాయం పొందినవాళ్లు మూడు నెలలకు 64 శాతం తేరుకున్నారు. పొందనివాళ్లలో 39 శాతం.

పద్మపూర్‌కి అన్నిటికంటే దగ్గరి పోలిక ఉన్నది మాత్రం అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ డాక్టర్ పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో అక్కడ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే పని చేపట్టింది. మధ్య మనిషిగా ఎంచుకున్నది ఆశా కార్యకర్తను. చేతికి ట్యాబ్లెట్ ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగితే, ఎవరికి బాధ ఎక్కువుందో వాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్లెట్‌లోకి చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఏం చెయ్యాలో ఆ యంత్రం డాక్టరుకు సూచిస్తుంది. ఎవరిని ముందు పలకరించాలో రంగుల గుర్తులతో ఆశాకు చెబుతుంది. పిచ్చి అనే ముద్ర వేస్తారన్న జంకు పోగొట్టడానికి ఊళ్లలో నాటకాలు వేయించారు, కరపత్రాలు పంచారు.

మొదట 30 గిరిజన గ్రామాల్లో మూడు నెలలపాటు చేశారు. ఐదు వేల పైచిలుకు మందిని అడిగితే 238 మందికి సాయం అవసరమని తేలింది. అంతకుముందు మానసిక వైద్యం కోసం వెళ్లినవాళ్లు 0.8 శాతం. ఈసారి 12.6 శాతం, మనుషుల్లో చెబితే 30 మంది. తర్వాత అదే జిల్లాలో 12 గిరిజనేతర గ్రామాల్లో ఏడాదిపాటు చేశారు. 22,046 మందిలో 900 మందికి అవసరం కనిపించింది. వాళ్లలో 731 మంది, అంటే 81.2 శాతం, ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు వైద్యం పొందారు. అంతకుముందు 3.3 శాతం.

ఈ రెండు అంకెల మధ్య దూరమే ఈ వ్యాసానికి ఆయువుపట్టు. 12కీ 81కీ తేడా ఎందుకొచ్చింది? మైదానంలో రోడ్లున్నాయి, ఆసుపత్రి దగ్గర. కొండ పల్లె నుంచి పీహెచ్‌సీకి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోతుంది. అది ఒక కారణం. రెండోది కాలం. మూడు నెలల్లో ఆశా ఒక ఇంటికి ఎన్నిసార్లు వెళ్లగలదు? ఏడాదిలో ఎన్నిసార్లు? మొదటిసారి వెళితే ‘మాకేం లేదమ్మా’ అంటారు. నాలుగోసారికి పీట వేస్తారు.

ఆ తర్వాత పశ్చిమ గోదావరితోపాటు హర్యానాలో కూడా కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో మరింత కట్టుదిట్టంగా పరీక్ష నడిపారు. 2024లో ఫలితాలు వచ్చాయి. ఏడాది చివర, బృందం పనిచేసిన చోట్ల డిప్రెషన్ ఉన్న నలుగురిలో ముగ్గురు తేరుకున్నారు. పనిచెయ్యని చోట్ల సగం మంది. ఆ సగం మందిని మరవకూడదు. డిప్రెషన్ చాలామందికి దానంతట అదే సడలుతుంది. సడలని మిగతా సగం మందిని వెతికి పట్టుకోవడానికే ఇంత ఏర్పాటూ.

ఇదే పద్మపూర్ బ్లాకులో పెడితే ఎలా ఉంటుంది? మనుషులు కొత్తగా పుట్టుకురానక్కర్లేదు. ఆశా దీదీ ఊళ్లో ఉంది. 2005 నుంచీ ఉంది. సవర పల్లెలో ఆమె సవర మాట్లాడుతుంది, తెలుగు వీధిలో తెలుగు. ఏ ఇంట్లో పంట పోయింది, ఏ ఇంట్లో కొడుకు వలస వెళ్లి కబురు లేకుండా ఉన్నాడు, ఏ బాలింత బిడ్డను ఎత్తుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంటోందో సర్వే చెయ్యకుండానే ఆమెకు తెలుసు. ఆమె పైన ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో సామాజిక ఆరోగ్య అధికారి, సీహెచ్ఓ, ఉన్నారు. మానసిక ఆరోగ్యం వాళ్ల పని పట్టికలో ఉన్న సేవే. బ్లాకు ఆసుపత్రిలో డాక్టరు ఉన్నారు. సైకియాట్రిస్టు ఏ నగరంలో ఉన్నా వారానికో గంట ఫోన్లో జాబితా చూడగలరు. ఈ నలుగురినీ కలిపి కట్టే దారమే కావాలి. ఆ దారం ఒక రిజిస్టరు, ఒక నెలవారీ సమావేశం, ‘ఈ పేరు ఏమైంది?’ అని అడిగే ఒక అధికారి.

చెప్పినంత సులువు కాదు. ఆశాకు ఇప్పటికే కాన్పులు, టీకాలు, మలేరియా రక్తపు పూతలు, క్షయ మందులు, సర్వేల మీద సర్వేలు. పనిని బట్టి ముట్టే ప్రోత్సాహకంతో బతికే మనిషి ఆమె. డిప్రెషన్ ఉన్నవాళ్లింటికి పదిసార్లు తిరిగినందుకు విడిగా పైసా రాకపోతే పదకొండోసారి వెళ్లదు, వెళ్లమనడం ధర్మం కూడా కాదు. ఇంకోటి గుట్టు. చిన్న ఊళ్లో ఆశా ఒకే గడపకు పదేపదే వెళుతోందంటే నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా అనుకుంటాయి. తన చుట్టాల ఇంటి సంగతి ఆమె బయట పెట్టదన్న నమ్మకం కుదరడానికి శిక్షణతోపాటు కాలం కూడా కావాలి. మందుల సరఫరా మూడో చిక్కు. ఆసుపత్రిలో ఫ్లూయోక్సెటిన్ నెల మధ్యలో అయిపోతే, అంతవరకు చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బు సంగతిలో సంపన్న దేశాలేమీ తెలివి చూపించలేదు. పద్ధతి పనిచేస్తుందని అమెరికాలో 2002లోనే రుజువైంది. మధ్య మనిషి చేసే పనికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ విడిగా చెల్లించడం మొదలుపెట్టింది 2017లో. పదిహేనేళ్లపాటు పరిశోధన నిధులున్నచోట పని సాగింది, అవి అయిపోయిన చోట ఆగింది. మన ప్రాజెక్టులకూ అదే గండం ఉంది. ఆశా చేసిన మానసిక ఆరోగ్య పలకరింపు ప్రోత్సాహకాల పట్టికలో ఒక వరుసగా ఎక్కిన రోజున ఇది కార్యక్రమం అవుతుంది. అప్పటిదాకా ఇది ప్రయోగమే.

ఈలోపు ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి నిద్రాహారాలు లేక, పనికి లేవక, మాట తగ్గించేసి ఉంటే చెయ్యగలిగింది లేకపోలేదు. 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలి–మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనే మాట నోట వచ్చినవాళ్లను ఒంటరిగా వదలకూడదు. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉంటే ముందు దాన్ని తీసేసి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతావాళ్లు దగ్గర్లోని ఆరోగ్య మందిర్‌లో సీహెచ్ఓను కలిసి, తొమ్మిది ప్రశ్నల పట్టికతో చూడమని అడగవచ్చు. డాక్టరు మందు రాస్తే రెండు ప్రశ్నలు వెయ్యాలి: గుణం ఎన్నాళ్లకు కనిపిస్తుంది, మధ్యలో ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి. బాగున్నట్టు అనిపించగానే మందు మానెయ్యకూడదు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.